మాంగనీసు గులాబీ రంగు ఎక్కడ నిలుస్తుంది?

తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలాల్లోనూ, అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కలా వజ్రాల కోసం జనం చేల వెంట తిరుగుతారు. వజ్రం దొరకడం అరుదు. రంగురాళ్లు మాత్రం చేతికి వస్తూనే ఉంటాయి. వాటిలో గులాబీ రంగు రాయి కనిపిస్తే దానిని పక్కన పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. ఆ రాయి ఏమిటని ఫోనులో వెతికితే రెండు పేర్లు తప్పకుండా ఎదురవుతాయి: రోడోక్రోసైట్, రోడోనైట్. రెండూ మాంగనీసు ఖనిజాలు. రెండింటికీ రత్నాల మార్కెట్లో కొంత విలువ ఉంది. దాంతో పొలంలో దొరికిన ప్రతి గులాబీ రాయికీ ఈ పేర్లు తగిలించడం మొదలవుతుంది.

ఈ పొరపాటుకు మూలం రంగును నమ్మడం. రాయలసీమ నేలమీద కనిపించే గులాబీ, ఎరుపు రంగుల్లో అత్యధిక భాగం మాంగనీసుది కాదు, ఇనుముది. గండికోట దగ్గర పెన్నా కోసిన లోయ గోడల ఎరుపు ఇనుప ఆక్సైడ్ పూసిన రంగు. అనంతపురం వైపు గ్రానైట్ గుట్టల్లో మెరిసే గులాబీ పలుకులు ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజానివి. దానిలో ఇరుక్కున్న కంటికి ఆనని హెమటైట్ అనే ఇనుప ఆక్సైడ్ రేణువులే ఆ రంగునిస్తాయి. మాంగనీసు ఈ నేలలోనూ ఉంది. అయితే అది గులాబీ రంగులో కాదు, నల్లగా కనిపిస్తుంది. ఒకే మూలకం ఒకచోట గులాబీగా, మరోచోట నల్లగా ఎందుకు ఉంటుందో తెలిస్తే ఈ ఖనిజం గుణాలు, దొరికే చోట్లు, ఉపయోగాలు మూడూ ఒకే దారంలోకి వస్తాయి. ఆ దారం పేరు ఆక్సిజన్.

బెలూం గుహల దగ్గరి బంధువు

రోడోక్రోసైట్ అంటే మాంగనీసు కార్బనేట్. శుద్ధమైన ఖనిజంలో బరువు ప్రకారం దాదాపు 47.8 శాతం మాంగనీసు ఉంటుంది. రొమేనియాలోని కావ్నిక్ గనుల నుంచి వచ్చిన నమూనాల ఆధారంగా జర్మన్ ఖనిజశాస్త్రవేత్త హౌస్‌మన్ 1813లో దీనిని వర్ణించాడు. రోడోనైట్ మాంగనీసు సిలికేట్. దానికి ఆ పేరు 1819లో వచ్చింది. పేర్లు దగ్గరగా ఉన్నా రెండింటి స్వభావం వేరు. ఒకటి సున్నపురాయి కుటుంబానికి చెందినది, మరొకటి గట్టి సిలికేట్ రాళ్ల జాతి.

సున్నపురాయి కుటుంబం అనడం మాటవరసకు కాదు. కొలిమిగుండ్ల మండలంలోని బెలూం గుహల్లో పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలన్నీ కాల్సైట్, అంటే కాల్షియం కార్బనేట్. ఆ స్ఫటిక నిర్మాణంలో కాల్షియం ఉన్న ప్రతి స్థానంలో మాంగనీసును కూర్చోబెడితే వచ్చేది రోడోక్రోసైట్. పరమాణువుల అమరిక రెండింటిలోనూ ఒకటే. రెండూ మూడు దిశల్లో నున్నటి తలాలుగా పగిలి, పక్కకు వాలిన పెట్టెల వంటి ముక్కలవుతాయి. తేడా అంతా కూర్చున్న పరమాణువులోనే ఉంది. మాంగనీసు అయాన్ కాల్షియం అయాన్ కంటే చిన్నది, పైగా బరువైనది. అందువల్ల పరమాణువులు మరింత దగ్గరగా సర్దుకుంటాయి. కాల్సైట్ సాంద్రత నీటికి 2.7 రెట్లయితే రోడోక్రోసైట్‌ది సుమారు 3.7 రెట్లు. కాఠిన్యం కూడా కొంచెం పెరుగుతుంది. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చూపే మోస్ కొలమానంలో కాల్సైట్‌ది 3, దీనిది 3.5 నుంచి 4 వరకు. అయినా ఇది మెత్తటి రాయే. చాకుమొనతో గీస్తే గీత పడుతుంది.

బెలూంలో ఊడలు ఏర్పడిన తీరుకు, అర్జెంటీనాలోని కటమార్కా రాష్ట్రంలో కపిలితాస్ గనిలో దొరికే ప్రసిద్ధమైన రోడోక్రోసైట్ ఊడలు ఏర్పడిన తీరుకు సూత్రం ఒక్కటే. కార్బనేట్‌ను కరిగించుకున్న నీరు ఖాళీ జాగాలోకి ఊరి, పొర మీద పొరగా దానిని వదిలిపెడుతుంది. కపిలితాస్‌లో ఆ నీటిలో ఉన్నది మాంగనీసు. అక్కడి ఊడను అడ్డంగా కోస్తే లేత, ముదురు గులాబీ వలయాలు చెట్టు మానులో వలయాల్లా ఒకదానిలో ఒకటి కనిపిస్తాయి. మాంగనీసుతో పాటు కాల్షియం ఎక్కువగా చేరిన పొరలు తెల్లబారతాయి, తక్కువ చేరిన పొరలు ముదురుగా ఉంటాయి. అర్జెంటీనా ఈ రాయిని తన జాతీయ రత్నంగా భావిస్తుంది. ఇంకాల గులాబీ అన్నది దానికి అక్కడి ముద్దుపేరు.

రోడోనైట్ సంగతి వేరు. దాని కాఠిన్యం 5.5 నుంచి 6.5 వరకు ఉంటుంది. మామూలు చాకు దాని మీద సరిగా గీత పెట్టలేదు. ఆమ్లం పోసినా పొంగదు. చాలాసార్లు ముద్దగా, సన్నటి రేణువులు గట్టిగా అతుక్కున్న రాయిగా దొరుకుతుంది. అందుకే చెక్కడానికి, నునుపు పెట్టడానికి అనువైనది. గులాబీ నేపథ్యం మీద నల్లటి ఈనెలు పరచుకుని ఉండటం దాని గుర్తు. ఆ నలుపు గురించి కింద వివరంగా చెప్పుకోవాలి.

రంగు ఎక్కడి నుంచి వస్తుంది

మాంగనీసు రెండు ఎలక్ట్రాన్లను వదులుకున్న స్థితిలో దాని బయటి కక్ష్యల్లో ఐదు ఎలక్ట్రాన్లు మిగులుతాయి. ఐదు గదుల్లో ఒక్కొక్కటి చొప్పున, అన్నీ ఒకే దిశలో తిరుగుతూ ఉంటాయి. ఈ అమరికలో ఒక ఎలక్ట్రాన్ కాంతిని పీల్చుకుని మరో గదిలోకి దూకాలంటే తన తిరుగుడు దిశను మార్చుకోవాలి. క్వాంటం నియమాలు దానిని దాదాపుగా అనుమతించవు. అందువల్ల కాంతి శోషణ చాలా బలహీనంగా జరుగుతుంది. ఊదా, నీలి, ఆకుపచ్చ కాంతుల్లో కొద్ది భాగం మాత్రమే పోయి, మిగిలినది కంటికి గులాబీగా కనిపిస్తుంది.

ఈ బలహీనతకు ఆచరణలో ఒక ఫలితం ఉంది. రాయి మందంగా ఉంటేనే రంగు తేలుతుంది. పొడి చేస్తే రంగు మాయమై తెల్లగా మిగులుతుంది. రోడోక్రోసైట్‌ను మెరుగు లేని పింగాణీ బిళ్ల మీద రుద్దితే పడే గీత తెల్లగానే ఉంటుంది. ఇనుము వల్ల ఎర్రబడిన రాయి ఇందుకు భిన్నం. హెమటైట్ బాగా చేరిన రాయిని రుద్దితే ఇటుక రంగు గీత పడుతుంది. పైకి ఒకేలా కనిపించే ఆ రెండు ఎరుపుల మధ్య తేడాను ఈ పరీక్ష స్పష్టంగా చూపుతుంది. దీనికి కావలసింది ఇంటి గోడకు అంటించే పింగాణీ పలక వెనుక భాగం మాత్రమే.

ఇప్పుడు నలుపు సంగతి. అదే మాంగనీసు ఆక్సిజన్‌తో కలిసి నాలుగు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటే మాంగనీసు డైఆక్సైడ్ అవుతుంది. అది దాదాపు కాంతినంతటినీ పీల్చుకుంటుంది కాబట్టి నల్లగా కనిపిస్తుంది. గాలి, వాన తగిలేచోట రోడోక్రోసైట్, రోడోనైట్ ఎక్కువకాలం గులాబీగా ఉండలేవు. పైపొర ముందు గోధుమరంగుకు, తరువాత నలుపుకు తిరుగుతుంది. పగుళ్లలోకి గాలి, నీరు వెళ్లిన మేరకు నలుపు లోపలికి పాకుతుంది. రోడోనైట్‌లో కనిపించే నల్ల ఈనెలు ఆ దారులే. ఆమ్లగుణం గానీ తటస్థగుణం గానీ ఉన్న నీటిలో ఈ మార్పు రసాయనికంగా చాలా నెమ్మది. మాంగనీసును ఆక్సీకరించే బ్యాక్టీరియా దానిని ఎన్నో రెట్లు వేగవంతం చేస్తాయి.

అంటే, పొలంలో ఏళ్ల తరబడి ఎండకు, వానకు పడి ఉన్న రాయి పైనంతా శుభ్రమైన గులాబీ రంగులో ఉందంటే, అది మాంగనీసు ఖనిజం కాకపోవడానికే అవకాశం ఎక్కువ. నిజమైన మాంగనీసు రాయి నల్లటి తొడుగుతో దొరకాలి. దానిని పగలగొడితే లోపల గులాబీ కనిపించాలి.

నాపరాయి మీద నల్లటి కొమ్మలు

కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో మాంగనీసు నల్లటి ముఖాన్ని చూడటానికి గని దాకా వెళ్లనక్కరలేదు. పొరలు పొరలుగా ఉండే సున్నపురాయిని పలకలుగా విడదీసేటప్పుడు అప్పుడప్పుడు పొరల మధ్య నల్లటి సన్నని చిత్రాలు బయటపడతాయి. కొమ్మలు, రెమ్మలు, ఆకులు గీసినట్లు ఉంటాయి. ఎప్పటిదో ఫెర్న్ మొక్క రాయిగా మారిందని అనుకునేవారు ఎందరో. అది మొక్క కాదు. మాంగనీసు కరిగిన నీరు పొరల మధ్య సందులో పాకుతూ, గాలి తగిలిన చోట నల్లటి ఆక్సైడ్‌ను వదిలిపెడుతుంది. ఆ ముద్ర అంచున ఎక్కడ చిన్న మొన ముందుకు వస్తే, అక్కడికే కొత్త మాంగనీసు ఎక్కువగా చేరుతుంది. ఆ మొన మరింత ముందుకు సాగి మళ్లీ చీలుతుంది. కొమ్మల ఆకారం అలా వస్తుంది.

బేతంచెర్ల, కొలిమిగుండ్ల నాపరాళ్లు కర్నూలు శ్రేణికి చెందిన సున్నపురాళ్లు. నేలమీద మొక్కలు పుట్టింది సుమారు 47 కోట్ల ఏళ్ల కిందట. ఈ రాళ్లు అంతకంటే పాతవి. వాటిలో ఫెర్న్ ఆకు ఉండే వీలే లేదు. ఇంకా అనుమానం ఉంటే మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క ఒకటి నల్లటి గుర్తు మీద వేయాలి. మాంగనీసు డైఆక్సైడ్ అయితే వెంటనే నురగ కడుతుంది. పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొట్టడంలో అది శక్తిమంతమైన ఉత్ప్రేరకం. గులాబీ రాయి మీది నల్లటి తొడుగు మాంగనీసుదో కాదో తేల్చడానికీ ఇదే పరీక్ష పనికొస్తుంది.

గులాబీ మాంగనీసు పుట్టే చోట్లు

గాలి తగలని చోటే ఇది పుట్టాలి. భూమి మీద అలాంటి చోట్లు ముఖ్యంగా రెండు. ఒకటి ఆక్సిజన్ అందని సముద్రగర్భం, రెండోది రాళ్ల లోతుల్లో వేడినీరు ప్రవహించే పగుళ్లు.

సముద్రంలో జరిగేది చూడటానికి ఎంతో ఆసక్తికరం. పైభాగంలో ఆక్సిజన్ ఉన్న నీటిలో మాంగనీసు నల్లటి ఆక్సైడ్ రేణువులుగా ఏర్పడి కిందికి దిగుతుంది. అడుగున కుళ్లే సేంద్రియ పదార్థాన్ని తినే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ చాలదు. అవి మాంగనీసు ఆక్సైడ్‌లోని ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. మాంగనీసు మళ్లీ కరిగే రూపంలోకి వస్తుంది. కుళ్లిన పదార్థం నుంచి వెలువడిన కార్బనేట్‌తో అది కలిస్తే రోడోక్రోసైట్ అవుతుంది. బాల్టిక్ సముద్రంలో గాట్లాండ్ అగాధం వంటి చోట్ల ఇది ఈనాటికీ జరుగుతోంది. చైనాలోని గుయిజౌ, హునాన్ రాష్ట్రాల నిక్షేపాలు పురాతన కాలంలో ఇదే దారిలో ఏర్పడ్డాయి. అయితే అక్కడి ఖనిజం అందమైన గులాబీ స్ఫటికం కాదు. బురదరాయిలో కలిసిపోయిన బూడిదరంగు సూక్ష్మరేణువు. పరిశ్రమకు కావలసిన రోడోక్రోసైట్‌లో అత్యధిక భాగం ఇలాంటి అందం లేని రూపంలోనే వస్తుంది.

దక్షిణాఫ్రికాలోని కలహారి ప్రాంతంలో ప్రపంచంలోకెల్లా పెద్ద మాంగనీసు నిల్వలు ఉన్నాయి. వాటి వయసు సుమారు 240 కోట్ల ఏళ్లు. భూమి వాతావరణంలో ఆక్సిజన్ మొదటిసారి పెరిగిన కాలం కూడా దాదాపు అదే. అప్పటిదాకా సముద్రాల్లో కరిగి ఉన్న మాంగనీసు ఆక్సిజన్ తగలడంతో అడుగుకు దిగడం మొదలుపెట్టింది. మాంగనీసు నిక్షేపాలను భూమి శ్వాస చరిత్రకు సాక్ష్యంగా భూగర్భ శాస్త్రవేత్తలు చదివేది ఇందుకే. తరువాతి కాలంలో వేడి ద్రవాలు ఆ పొరలను కదిలించినప్పుడు నచ్వానింగ్ గనుల్లో రక్తవర్ణపు రోడోక్రోసైట్ స్ఫటికాలు పెరిగాయి.

రెండో దారి వేడినీటి సిరలది. వెండి, సీసం, జింకు, రాగి ఖనిజాలు సిరలుగా ఏర్పడేచోట రోడోక్రోసైట్ వాటి పక్కన చేరుతుంది. కావ్నిక్, కపిలితాస్, అమెరికాలో మోంటానా రాష్ట్రపు బ్యూట్, కొలరాడోలోని స్వీట్ హోమ్ గని ఈ కోవలోనివే. స్వీట్ హోమ్ గనిని 1873లో వెండి కోసం తెరిచారు. వెండి వెతుక్కునేవారికి గులాబీ రాయి చెత్త కింద లెక్క. వందేళ్లు దాటాక కథ తిరగబడింది. 1990ల్లో అదే గనిని నమూనాల కోసమే మళ్లీ తవ్వారు. ప్రపంచంలో అత్యుత్తమ రోడోక్రోసైట్ స్ఫటికాల్లో కొన్ని అక్కడివే. వాటిలో పేరుపొందిన ఆల్మా కింగ్ ఇప్పుడు డెన్వర్‌లోని ప్రకృతి విజ్ఞాన మ్యూజియంలో ఉంది. 2002లో కొలరాడో దీనిని తన రాష్ట్ర ఖనిజంగా ప్రకటించింది.

రోడోనైట్‌కు ఇంకో మెట్టు కావాలి. మాంగనీసు కార్బనేట్ ఉన్న పొరలు ఇసుకరాతి పదార్థంతో కలిసి లోతుకు దిగి, వేడికి, ఒత్తిడికి గురైతే కార్బన్ డైఆక్సైడ్ బయటికి పోయి సిలికేట్ మిగులుతుంది. మన దేశంలో ఇది బాగా కనిపించేది మధ్యప్రదేశ్, మహారాష్ట్ర సరిహద్దుల్లోని బాలాఘాట్, నాగపూర్, భండారా, ఛింద్వారా మాంగనీసు పట్టీలో. అక్కడి మాంగనీసు గార్నెట్, పలుగురాయి కలిసిన శిలకు గోండైట్ అని పేరుపెట్టినవాడు భారత భూగర్భ సర్వే అధికారి లూయీ లీ ఫెర్మోర్. దేశంలోని మాంగనీసు నిక్షేపాల మీద అతని బృహత్ గ్రంథం 1909లో వెలువడింది. ఛింద్వారా ప్రాంతంలోని గోవారీ వధోనాలో రోడోక్రోసైట్, రోడోనైట్ రెండూ ఒకేచోట గుర్తించబడ్డాయి.

తెలుగు నేలమీద మాంగనీసుకు ప్రసిద్ధి విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి ప్రాంతం. అక్కడి కోడూరు గని పేరుమీదే ఫెర్మోర్ కోడురైట్ అనే శిలకు పేరు పెట్టాడు. కడప వైపు పాఠకులు దీనిని రైల్వే కోడూరుగా పొరబడకూడదు. ఆ కోడూరు పక్కనున్న మంగంపేట ఖ్యాతి ముగ్గురాయి (బెరైటీస్) నిల్వలది. దానికీ మాంగనీసుకూ సంబంధం లేదు.

మరి కడప బేసిన్‌లో, అంటే కడప, కర్నూలు ప్రాంతపు పురాతన పొరల శిలల్లో, గులాబీ మాంగనీసుకు పేరెందుకు లేదు? భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1872లో ఈ శిలలను మొదటిసారి సమగ్రంగా వర్ణించినప్పటి నుంచి ఇక్కడి ఖనిజ సంపదగా లెక్కకు వచ్చినవి సున్నపురాయి, ముగ్గురాయి, రాతినార (ఆస్బెస్టాస్), బలపంరాయి, తరువాత తుమ్మలపల్లె యురేనియం. సమాధానంలో ఒక భాగం ఉష్ణోగ్రతలో ఉంది. బేసిన్ పడమటి భాగంలో, అంటే తాడిపత్రి, పులివెందుల, బెలూం, బేతంచెర్ల వైపు పొరలు దాదాపు పరుచుకున్నట్లే ఉన్నాయి. బాలాఘాట్ శిలల మాదిరిగా అవి లోతైన వేడిలో ఉడకలేదు. రోడోనైట్ పుట్టడానికి కావలసిన వంట ఇక్కడ జరగలేదన్నమాట. పులివెందుల దగ్గర పొరల మధ్యకు చొచ్చుకువచ్చిన అగ్నిశిల వయసు సుమారు 188 కోట్ల ఏళ్లు. ఆ చొరబాటు వేడికి పక్కనున్న, సున్నపురాయిని పోలిన డోలమైట్ మారి రాతినార అయింది. అక్కడ డోలమైట్‌లో పుష్కలంగా ఉన్నది మెగ్నీషియం. ఏ మూలకం అందుబాటులో ఉంటే వేడి దానితోనే కొత్త ఖనిజాన్ని తయారు చేస్తుంది.

చేతిలోని రాయిని తేల్చుకోవడం

పరీక్షల్లో అన్నిటికంటే నమ్మదగినది బరువు. తూకం, నీళ్ల గిన్నె, దారం ఉంటే చాలు. రాయిని గాలిలో తూచి, తరువాత దారంతో నీటిలో పూర్తిగా మునిగేలా వేలాడదీసి తూచాలి. 370 గ్రాముల రోడోక్రోసైట్ నీటిలో దాదాపు 100 గ్రాములు తగ్గుతుంది. రోడోనైట్ కూడా ఇంచుమించు అంతే. అదే బరువున్న గులాబీ ఫెల్డ్‌స్పార్ దాదాపు 145 గ్రాములు, పలుగురాయి 140 గ్రాములు తగ్గుతాయి. ముగ్గురాయి అయితే 82 గ్రాముల దగ్గరే ఆగుతుంది. తేడాలు ఇంత పెద్దవి కాబట్టి ఇంటి తూకం కొంచెం అటూ ఇటూ అయినా తీర్పు మారదు. రాయిలో వేరే ఖనిజాలు కలిసి ఉంటే మాత్రం అంకెలు మధ్యలో ఎక్కడో వస్తాయి. అందుకని వీలైనంత ఒకే రంగున్న ముక్కను తీసుకోవాలి.

ఆ తరువాత చాకు. గీత పడితే కార్బనేట్ జాతి కావచ్చు. పడకపోతే రోడోనైట్, ఫెల్డ్‌స్పార్, పలుగురాళ్లలో ఏదైనా కావచ్చు. ఆ మూడింటిలో బరువు రోడోనైట్‌ను విడదీస్తుంది. కార్బనేట్‌లలో గులాబీ కాల్సైట్ చల్లటి పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోనే జోరుగా పొంగుతుంది. రోడోక్రోసైట్ చల్లగా ఉన్నప్పుడు నెమ్మదిగా, వేడి చేస్తే చురుకుగా పొంగుతుంది. డోలమైట్ కూడా చల్లటి ఆమ్లంలో నెమ్మదే, కాబట్టి ఇక్కడ ఆమ్లం ఒక్కటే తేల్చలేదు. మళ్లీ తూకమే దిక్కు. డోలమైట్ సాంద్రత 2.85 దగ్గర ఆగిపోతుంది. ఆమ్లాన్ని వేడి చేయడం ప్రయోగశాలలో చేయవలసిన పని, వంటింట్లో కాదు.

ఆభరణం, ఉక్కు, చీనీ తోట

రోడోక్రోసైట్‌తో ఉంగరం చేయించుకోవడం మంచి ఆలోచన కాదు. మెత్తటిది, దెబ్బ తగిలితే మూడు దిశల్లో పగులుతుంది, నిమ్మరసం వంటి పులుపు తగిలితే మెరుపు పోతుంది. లాకెట్టుగా, పూసలుగా, పెట్టెల మీద పొదిగే పలకగా బాగుంటుంది. నగల దుకాణంలో శబ్ద తరంగాలతో కడిగే యంత్రంలో దీనిని వేయకూడదు. రోడోనైట్ గట్టిదనం వల్ల పెద్ద పనులకు దిగింది. ఉరల్ పర్వతాల నుంచి వచ్చిన రోడోనైట్‌ను రష్యన్లు రాజప్రాసాదాల కూజాలకు, బల్లలకు వాడారు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని పీటర్ పాల్ చర్చిలో రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ భార్య మరియా అలెగ్జాండ్రోవ్నా సమాధి పేటిక ఈ రాతితో చేసినదే. మాస్కో మెట్రోలోని మయకోవ్‌స్కయా స్టేషన్ స్తంభాల అలంకరణలోనూ ఇది ఉంది.

ఈ రాళ్లు మనసుకు శాంతినిస్తాయనీ, గుండెజబ్బులు నయం చేస్తాయనీ అమ్మేవారు చెప్పే మాటలకు ఆధారం లేదు. వీటి విషయంలో ఆరోగ్యం గురించి తెలుసుకోవలసింది వేరొకటి ఉంది. కోసేటప్పుడు, సానపట్టేటప్పుడు లేచే మాంగనీసు దుమ్మును ఏళ్ల తరబడి పీల్చితే మెదడు దెబ్బతిని నడక, మాట తడబడతాయి. మాంగనీసు ఖనిజాన్ని నూరే పనివారిలో ఈ లక్షణాలను స్కాట్లాండ్ వైద్యుడు కూపర్ 1837లోనే నమోదు చేశాడు. నీటిధార కింద కోయడం, ముక్కుకు తగిన తొడుగు వేసుకోవడం రాతిపనివారికి తప్పనిసరి. నాపరాయి పరిశ్రమలో దుమ్ము చేసే హాని తెలిసిన జిల్లాలకు ఈ మాట కొత్తగా చెప్పనక్కరలేదు. ఆచరణ మాత్రం ఇంకా చాలా మెరుగుపడాలి.

ప్రపంచంలో తవ్వే మాంగనీసులో సుమారు 90 శాతం ఉక్కులోకే వెళుతుంది. ఉక్కులో మిగిలిన గంధకం ఇనుముతో కలిస్తే, వేడిగా ఉన్నప్పుడు ఉక్కు రేణువుల అంచుల వెంట కరిగి చీలికలు తెస్తుంది. మాంగనీసు ఆ గంధకాన్ని తనతో బంధించి ఆ ప్రమాదం తప్పిస్తుంది. 12 శాతానికి పైగా మాంగనీసు కలిపితే మరో విశేషం కనిపిస్తుంది. దెబ్బలు తగిలేకొద్దీ ఉక్కు మరింత గట్టిపడుతుంది. రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ 1882లో కనుగొన్న ఈ ఉక్కునే భారతీయ రైల్వేలు పట్టాలు ఒకదానినొకటి దాటే క్రాసింగుల్లో పోతపోసి వాడుతున్నాయి. గుంతకల్లు వంటి పెద్ద జంక్షన్‌లో రైలు ఒక లైను నుంచి మరో లైనుకు మారేటప్పుడు ప్రతి చక్రం దెబ్బ తినేది అక్కడే. అయితే ఉక్కుకు వెళ్లే మాంగనీసులో ఎక్కువ భాగం నల్లటి ఆక్సైడ్ ఖనిజాల నుంచి వస్తుంది. కొలిమిలో బొగ్గు ఎలాగూ ఆక్సిజన్‌ను లాగేస్తుంది కాబట్టి అక్కడ నలుపు ఆటంకం కాదు.

గులాబీ కార్బనేట్ బలం మరోచోట ఉంది. అది గంధకామ్లంలో నేరుగా కరిగిపోతుంది. నల్లటి డైఆక్సైడ్ అలా కరగదు. ముందు దానిని బొగ్గుతో కాల్చి ఆక్సిజన్‌ను కొంత తీసేయాలి. చైనాలోని తక్కువ నాణ్యత గల కార్బనేట్ నిక్షేపాలు కూడా విద్యుద్విశ్లేషణ మాంగనీసు లోహానికి, అంటే ద్రావణంలో విద్యుత్తు పంపి వేరుచేసే లోహానికి, లాభసాటి అయినది ఈ సులువు వల్లే. ఆ లోహంలో ప్రపంచ ఉత్పత్తి దాదాపు మొత్తం ఒక్క చైనాదే. దానికి మూల్యంగా ఆమ్లంతో తడిసిన మడ్డి గుట్టలు అక్కడి నదులకు బెడదగా మారాయి. విద్యుత్ వాహనాల బ్యాటరీలకు కావలసిన అతి శుద్ధమైన మాంగనీసు సల్ఫేట్‌కు గిరాకీ పెరిగేకొద్దీ ఈ సమస్య ఇంకా ముందుకొస్తుంది.

మాంగనీసు సల్ఫేట్ పేరు అనంతపురం, కడప రైతులకు పరాయిది కాదు. చీనీ (బత్తాయి) తోటలకు పిచికారీ చేసే సూక్ష్మపోషకాల మిశ్రమంలో అది ఒకటి. సంచీ విప్పి చూస్తే పొడి లేత గులాబీ రంగులో ఉంటుంది. ఆ రంగు రోడోక్రోసైట్‌ది ఏ కారణం వల్లనో, దీనిదీ అదే కారణం వల్ల. ఇందులోనూ మాంగనీసు రెండు ఎలక్ట్రాన్లు మాత్రమే వదులుకున్న స్థితిలో ఉంది. మొక్క వేరు పీల్చుకోగలిగేది ఆ ఒక్క రూపాన్నే.

సున్నం పాలు, క్షారగుణం ఎక్కువగా ఉండి, గాలి బాగా ఆడే నేలల్లో మాంగనీసు మొత్తం పరిమాణానికి లోటు ఉండకపోవచ్చు. కానీ అది నల్లటి ఆక్సైడ్‌గా మారి కరగకుండా కూర్చుంటుంది. మొక్క పక్కనే మాంగనీసు ఉన్నా అందదు. చీనీ ఆకు మీద ఈనెల వెంట పచ్చదనం నిలిచి, మధ్యభాగం పాలిపోతుంది. జింకు లోపంలోనూ ఇలాగే పాలిపోతుంది గానీ ఆకులు చిన్నవై, సన్నబడతాయి. మాంగనీసు లోపంలో ఆకు పరిమాణం మామూలుగానే ఉంటుంది. రెండు లోపాలూ కలిసి రావడమూ మామూలే. కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద నీరు నిలిచిన వరిమడిలో పరిస్థితి తలకిందులు. నీటి అడుగున ఆక్సిజన్ తరిగిపోయి, బ్యాక్టీరియా నల్లటి ఆక్సైడ్‌ను మళ్లీ కరిగే రూపంలోకి తెస్తాయి. అందుకే వరిలో మాంగనీసు లోపం అరుదు. బాల్టిక్ సముద్రపు అడుగున రోడోక్రోసైట్ పుట్టడానికి ముందు జరిగే మార్పే ఈ మడిలోనూ జరుగుతోంది.

సున్నపు నేలలో చెట్టు పాదులో పోసిన మాంగనీసు సల్ఫేట్ కొద్దికాలానికే ఆక్సిజన్ పట్టుకుని, వేరుకు అందని నల్లటి రూపంలోకి వెళ్లిపోతుంది. చీనీకి దానిని నేలలో వేయకుండా ఆకుల మీద పిచికారీ చేయమని చెప్పడం ఇందుకే. కొత్త చిగురు వచ్చి ఆకులు విచ్చుకున్న దశలో కొడితే, నేలతో ప్రమేయం లేకుండా ఆకు దానిని గులాబీ రూపంలోనే తీసుకుంటుంది.